కరవది సన్నాయి శ్రీరంగం చేరిన కథ



మొన్న మాఘమాసంలో ఆదోనిలో మా ఆడపడుచు కూతురి పెళ్లి జరిగింది. మేము ఆడపెళ్లివారం కదా, పని చెప్పనలవి కాదు. నాకు అప్పగించింది ఖర్చుల పుస్తకం. మెట్రిక్ దాకా చదివాను, పైగా అప్పుడప్పుడూ రేడియోలో మాట్లాడి వస్తాను కాబట్టి నా లెక్కలు తప్పుపోవని మావాళ్ల నమ్మకం. రేడియోకీ లెక్కలకీ సంబంధమేమిటో నాకైతే ఇప్పటికీ తెలియదు. పూలకెంత, పందిరికెంత, వంటమనుషులకెంత అని రాసుకుంటూ, డబ్బులిస్తూ తిరిగాను. ఆ పుస్తకంలో వాయిద్యాల కింద రెండు పద్దులున్నాయి. ఒకటి బ్యాండు. రెండోది డోలు సన్నాయి. మొదటి పద్దు రెండోదానికి నాలుగింతలు వుంది.

ముందురోజు రాత్రి మెరవణిలో బ్యాండువాళ్లు అదరగొట్టారు. ఎర్రకోట్లు, జరీ అంచులు, తళతళలాడే ఇత్తడి బాకాలు. ముందు నడిచే కుర్రవాడు ట్రంపెట్టు పైకెత్తి సినిమా పాటలు ఊదుతుంటే మా పిల్లలేకాదు, మా చిన్నత్త కూడా రెండడుగులు వేసింది. తెల్లవారి కల్యాణమంటపంలో డోలు సన్నాయివాళ్లను ఎక్కడ కూర్చోబెట్టామనుకున్నారు? వంటగదికి పోయే దోవలో, చేతులు కడుక్కునే తొట్టి పక్కన. ముహూర్తానికి ఇంకా అరగంట వుంది. మగపెళ్లివారు ఎవరికోసమో కాచుకొని వున్నారు. ఆ ఖాళీలో ఆ సన్నాయి ఆయన, అరవై దాటిన మనిషి, తనకోసం తనే అన్నట్టు ఒక రాగం మొదలుపెట్టాడు. నేను పెరుగు బక్కెట్లు లెక్కపెడుతూ నిలబడిపోయాను. ఒక్క స్వరం దగ్గర నిలబడి, దాన్ని అటు తడిమి ఇటు తడిమి, మెల్లగా పైకి పోతున్నాడు. ఇంతలో పురోహితుడు చెయ్యి ఎత్తి 'గట్టిమేళం' అన్నాడు. రాగం సగంలో తెగిపోయింది. డోలు దబదబలాడింది. అక్షింతలు పడ్డాయి.

మధ్యాహ్నం రెండున్నరకు డబ్బులివ్వడానికి పోతే వాళ్లింకా భోంచేయలేదు. మొదటి బంతిలో లేవండన్నారట, రెండో బంతిలో చుట్టాలొచ్చారన్నారట. నాకు తల కొట్టేసినట్టయింది. ఖర్చుల పుస్తకం నా చేతిలోనే వుండె, అందులో ఎవరు తిన్నారో రాసుకోవాలని నాకు తోచలేదు. ఇస్తరాకులు వేయించి దగ్గరుండి వడ్డించి, ఇందాక వాయించింది ఏ రాగమని అడిగాను.

"తోడి తల్లీ. చినమౌలానా సాహెబుగారి బాణీ. రికార్డులు విని విని నేర్చుకున్నా. అంత నాకు యాడొస్తుంది, కొంచెం వాసన తగిలిందంతే" అన్నాడు. ఆ పేరు ఎత్తేటప్పుడు కలుపుకున్న అన్నం వదిలిపెట్టి ఎడమచెయ్యి చెవికి తాకించుకున్నాడు. తరువాత, "రాత్రి మెరవణిలో ముందు నడిచి ట్రంపెట్టు ఊదినాడే, వాడు మావాడే తల్లీ" అన్నాడు.

నా పుస్తకంలోని రెండు పద్దులూ ఒకే ఇంటివన్నమాట!

చినమౌలానా పేరు మీరూ విని వుంటారు, నాలాగే ఎక్కడ విన్నారో మరిచిపోయి వుంటారు. మా చిన్నతనంలో తెల్లవారుజామున రేడియో విప్పితే వందేమాతరం, ఆ వెంటనే మంగళవాద్యం. మా అమ్మ కల్లాపి చల్లి లోపలికొచ్చి పొయ్యి రాజేసేసరికి అది వస్తూ వుండేది. వాయించినవారి పేరు చెప్పేవారు. మనం పాలు పొంగుతాయేమోనని చూసుకుంటూ సగం వినేవాళ్లం. ఆ సగం విన్న పేర్లలో ఒకటి షేక్ చినమౌలానా. ఆయన గురించి నాకు తెలిసినంతవరకు ఇవ్వాళ చెప్తాను. దానికి ముందు ఆ వాయిద్యం గురించి నాలుగు మాటలు చెప్పాలి. లేకపోతే ఆయన చేసిన పని ఎంత కష్టమో మనకు అందదు.

ట్రంపెట్టుకూ సన్నాయికీ ఊపిరే ఆధారం. కానీ ఊపిరి పలికే చోటు వేరు. ట్రంపెట్టులో పీక లేదు. వాయించే మనిషి పెదవులే పీక. పెదవులు బిగించి అదిరిస్తే ఆ అదురు ఇత్తడి గొట్టంలో పడి మోగుతుంది. వేళ్లకింద మూడు మీటలుంటాయి. నాదస్వరంలో అట్లా కాదు. పైన రెల్లుతో చేసిన చిన్న పీక వుంటుంది. రెండు రేకులు ఒకదానికొకటి ఆనించి కట్టినట్టుంటాయి. నాదస్వరానికి తాళ్లతో ఏవేవో వేలాడుతుంటాయి, గమనించారా? మా పిల్లలు అలంకారమనుకున్నారు. అవి మారు పీకలు. పీకను సరిచేసుకునే దంతపు సూది కూడా దాంతోనే వేలాడుతుంది. పీక తడిసి మెత్తబడినా, ఎండి బిగుసుకున్నా నాదం చెడుతుంది. అందుకే కచేరీ మధ్యలో వాళ్లు పీక మార్చుకుంటూ వుంటారు. మనం కుట్టుమిషను సూది మార్చుకున్నట్టే.

గొట్టం ఆచా మానుతో చేస్తారు. మన రాయలసీమ మెట్ట అడవుల్లో ఏపి మాను అంటాం చూడండి, అదే జాతి. అప్పుడే కొట్టిన కర్ర పనికిరాదు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు కొని, ఏళ్ల తరబడి ఎండి నీరు చచ్చిన కర్రతో చేస్తారు. తంజావూరు వైపు నరసింగంపేట అనే ఊరు దీనికి పేరుపడింది. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. చిన్నదాన్ని తిమిరి అంటారు, అది హెచ్చు శ్రుతిలో పలుకుతుంది. పొడుగుదాన్ని బారి అంటారు, గంభీరంగా వుంటుంది. వేళ్లతో మూసి తెరిచేవి ఏడు రంధ్రాలు. అడుగున ఇంకో అయిదు వుంటాయి, వాటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు.

ఏడు రంధ్రాలతో అన్ని రాగాలూ ఎట్లా పలుకుతాయని నాకు అనుమానం వచ్చింది. హార్మోనియంలో అయితే ప్రతి స్వరానికీ ఒక మెట్టుంటుంది, నొక్కితే చాలు. ఇక్కడ ఒకే రంధ్రం మీద వేలు కాస్త జరిపి, పెదవి కాస్త బిగించి, గాలి హెచ్చించి తగ్గించి, ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య వున్నదంతా పలికించాలి. అంటే స్వరం వాయిద్యంలో లేదు, వాయించేవాడి ఊపిరిలో వుంది. చెవి సరిగా లేనివాడి చేతిలో ఇది ఎంత అపస్వరంగా వుంటుందో మన పెళ్లిళ్లలో అప్పుడప్పుడూ వింటూనే వున్నాం. పక్కన శ్రుతి సన్నాయి పట్టుకొని ఒకే స్వరం ఊదే మనిషి పని కూడా తక్కువేమీ కాదు. బుగ్గల్లో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, తెగకుండా ఊదాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ మనిషి బదులు కరెంటు శ్రుతిపెట్టె వచ్చేసింది.

ఇక మన కథ. ఒంగోలు పక్కన కరవది అని ఒక గ్రామం. అప్పట్లో గుంటూరు జిల్లా, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. 1924 మే 12న చినమౌలానా అక్కడ పుట్టారు. తరతరాలుగా నాదస్వరం వాయించే ఇల్లు. తండ్రి కాసిం సాహెబుగారి దగ్గర తొలిపాఠం, తరువాత చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబుగారి దగ్గర చదువు.

రామకీర్తనలు వాయించే సాయిబులా అని ఆశ్చర్యపోయే పట్నపు పిల్లలు ఇప్పుడున్నారు. కోస్తాలో అది వింతేమీ కాదు. గుంటూరు, ఒంగోలు వైపు ఎన్నో ముస్లిం కుటుంబాలు, అందులో దూదేకులవారు చాలామంది, ఈ వాయిద్యం మీదే బతికారు. గుళ్లో సేవ, ఊళ్లో పెళ్లి, త్యాగరాజ కీర్తన, అన్నీ వాళ్ల చేతిమీదుగానే నడిచేవి. పత్తి ఊరు కాబట్టి మా ఆదోనిలో దూదేకులవారంటే దూది ఏకి పరుపులు కుట్టేవారని మాత్రమే నాకు తెలుసు. అయినా మన వైపు మాత్రం తక్కువా? పీర్లపండుగకు గుండం తొక్కేవాళ్లలో సగంమంది ఎవరు? రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చింది ఆదోని నవాబు సిద్దీ మసూద్‌ఖాన్ అనే కదా మంత్రాలయంలో చెప్పుకుంటారు.

చినమౌలానాగారు చదువు ముగించి, పేరు తెచ్చుకుని, మన ప్రాంతంలో కచేరీలు చేస్తున్నారు. మామూలుగా అయితే కథ ఇక్కడితో సరి. కానీ ఆయన చెవిలో ఇంకో సన్నాయి పడింది. అది తిరువావడుదురై రాజరత్నం పిళ్లైగారిది. 1956లో పోయిన ఆ మహానుభావుడి తోడి రాగం వినని సంగీతజ్ఞుడు ఆ కాలంలో దక్షిణాదిన లేడంటే అతిశయోక్తి కాదు. తిమిరి పక్కన పెట్టి పొడుగాటి బారిని వాడుకలోకి తెచ్చినవారు కూడా ఆయనే. నరసింగంపేట ఆచారిగారొకరు ఆయనకోసం దాన్ని తీర్చిదిద్దారు. చినమౌలానాగారు పిళ్లైగారిని మానసిక గురువుగా పెట్టుకున్నారు.

పిళ్లైగారి గురించి ఇంకోమాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో నాదస్వర విద్వాంసులు గుడి ఉత్సవాల్లో చొక్కా లేకుండా, పైగుడ్డ నడుముకు చుట్టుకొని, నిలబడి వాయించాల్సిందే. మిగతా విద్వాంసులు వేదికమీద కూర్చుంటే వీళ్లకు వీధి. ఆయన దానికి ఒప్పుకోలేదు. వేదిక మీద కూర్చొనే వాయిస్తానన్నారు, దర్జాగా బట్టలు తొడుక్కున్నారు. ఆయనకు గర్వమని చాలామంది అన్నారట. చేతులు కడుక్కునే తొట్టి పక్కన కూర్చోబెట్టిన మనిషిని చూశాక నాకైతే ఆ గర్వం కొంచెం తక్కువే అనిపించింది.

సరే, రికార్డులు వింటే సరిపోదని చినమౌలానాగారు కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోవిల్ వెళ్లి రాజం, దురైక్కణ్ణు అనే అన్నదమ్ముల దగ్గర మళ్లీ శిష్యుడిగా చేరారు. ఇది నాకు చాలా గొప్పగా తోచిన విషయం. ఇరవయ్యేళ్లు వంట చేసిన చేత్తో ఇంకో ఇంటికిపోయి, అమ్మా, పప్పు వేయించడం మొదటినుంచి నేర్పండి అని అడగగలమా? నేనైతే అడగలేను. పైగా అది వేరే భాష, వేరే తిండి, వేరే పద్ధతి.

ఆ పద్ధతి ఏమిటంటే, తంజావూరు బాణీలో కీర్తన కంటే ముందు రాగానికి పెద్దపీట. దేవుడి ఊరేగింపు గుడి బయలుదేరి నాలుగు వీధులూ తిరిగి వచ్చేదాకా రాత్రంతా వాయించాలి. తొందరేముంది? దేవుడు బయలుదేరేటప్పుడు మల్లారి అని సాహిత్యం లేని ఒక రచన వాయిస్తారు. ఆ తరువాత ఒక్కో వీధిలో ఒక్కో రాగం విస్తరించుకుంటూ పోతారు. ఏ పొద్దుకు ఏ రాగమో గుడి కట్టుబాటు వుంది. మనం పాలు సన్నని సెగమీద పెట్టి, కలియబెడుతూ, మీగడ కట్టినప్పుడల్లా లోపలికి తోస్తూ కోవా చేస్తాం చూడండి, వాళ్లు రాగం చేసేదీ అంతే. సెగ పెంచితే మాడుతుంది, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. ఆ పెద్దమనిషి మా పెళ్లిలో ఒక్క స్వరం దగ్గర అంతసేపు ఎందుకు నిలబడ్డాడో నాకు ఇప్పుడు తెలిసింది. మేము గట్టిమేళమని ఆయన పొయ్యి ఆర్పేశాం.

ఇక్కడ పాశ్చాత్య దేశపు ఒక మనిషిని తలుచుకోవాలని వుంది. ట్రంపెట్టు అనగానే ప్రపంచమంతా చెప్పుకునే పేరు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్లో 1901లో నల్లజాతి పేదింట్లో పుట్టాడు. వాళ్ల నాయనమ్మ బానిసగా పుట్టిన మనిషి. పదకొండేళ్లప్పుడు కొత్తసంవత్సరం సంబరాల్లో తుపాకీ పేల్చాడని పట్టుకుపోయి అనాథ పిల్లల శిక్షణాలయంలో పెట్టారు. ట్రంపెట్టుకు తమ్ముడిలాంటి కార్నెట్టు అనే బాకా ఊదడం అక్కడే చక్కగా నేర్చుకున్నాడు. ఆ ఊళ్లో సాగనంపే శవం ముందు కూడా బ్యాండు నడుస్తుంది. పోయేటప్పుడు విషాదంగా, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయిస్తారు. వీధి మేళమే ఆ పిల్లవాడికి బడి. 1922లో గురువులాంటి కింగ్ ఆలివర్ పిలుపుమీద షికాగో పోయాడు. 1925 నుంచి తన సొంత బృందంతో ఇచ్చిన రికార్డులతో జాజ్ సంగీతం తీరే మారిపోయింది. అంతవరకు అందరూ కలిసి వాయించేది ఎక్కువ. ఒక్కడు ముందుకొచ్చి, తెలిసిన వరుసను పట్టుకుని, అప్పటికప్పుడు తన కల్పన చేస్తే అది ఎంత గొప్పగా వుంటుందో ఆయన చూపించాడు. మన కల్పనాస్వరం, రాగాలాపన లాంటిదే. రాసుకున్నది కాదు, ఆ పూట ఊపిరిలో పుట్టేది.

ట్రంపెట్టుకు పెదవే పీక అన్నాను కదా. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఊది ఊది పెదవి చీలిపోయి, 1930ల్లో కొన్నాళ్లు వాయిద్యమే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇంకో బాధ దానికంటే పెద్దది. తెల్లవాళ్ల హోటళ్లలో ఆయన సంగీతం కావాలి, కానీ రాత్రి పడుకోవడానికి అదే హోటల్లో గది ఇవ్వరు. చాలా ఊళ్లలో అదే కట్టుబాటు. 1971లో ఆయన పోయేనాటికి ఆ చట్టాలు పోయాయి. ఇది చదివినప్పుడు అమెరికావాళ్లు ఎంత దుర్మార్గులని ముందు అనుకున్నాను. తరువాత మా మూడో బంతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

మళ్లీ మనవారి దగ్గరికి వద్దాం. చినమౌలానాగారు తంజావూరు బాణీని ఎంతగా ఒంటపట్టించుకున్నారంటే, కావేరీ తీరంలో పుట్టి పెరిగినవారే తమవాడనుకున్నారు. 1960ల్లో కుటుంబంతో సహా శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో ఈ కరవది మనిషి నాదస్వరం మోగింది. శ్రీరంగంలో తురుష్క నాచ్చియారుకు సన్నిధి వుంది. మన తిరుపతి కథల్లో బీబీ నాంచారమ్మ అంటామే, ఆ తల్లే. అక్కడ ఆమెకు రొట్టె నైవేద్యం పెడతారు. అటువంటి ఊళ్లో ఆయన పరాయివాడు ఎట్లా అవుతాడు?

అయితే నాకొక చిన్న బాధ వుంది, దాచుకోను. ఆయన ఎందుకు పోవాల్సి వచ్చింది? అక్కడ రాత్రంతా కూర్చుని రాగం వినేవారున్నారు, గుళ్లో వాయించే మనిషిని విద్వాంసుడనేవారున్నారు. ఇక్కడ మనకు పెళ్లికి మేళం కావాలి, మేళగాడు అక్కర్లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ న్యూ ఆర్లియన్స్ వదిలి షికాగో పోయినట్టే, కాకపోతే వదిలింది మన ఊరు. మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ల సంఘం పెట్టకపోయి వుంటే ఎంతమంది మగ్గాలు కట్టిపెట్టి ఊళ్లు పట్టిపోయేవారో కదా. నేతకు సోమప్పగారు దొరికినట్టు సన్నాయికి మనవైపు ఎవరూ దొరకలేదు.

1977లో చినమౌలానాగారికి పద్మశ్రీ వచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా వచ్చింది. శ్రీలంక, అమెరికా, యూరపు దేశాలు తిరిగి వాయించారు. అదే 1977లో మనకు బాగా దగ్గరి కన్నడసీమలో రాజ్‌కుమార్ 'సనాది అప్పణ్ణ' సినిమా వచ్చింది. అందులో సన్నాయి వాయించింది బిస్మిల్లాఖాన్‌గారు. ఆదోని, ఎమ్మిగనూరులో మా పెద్దవాళ్లు ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్తారు. అంతకుముందు 1962లో 'మురిపించే మువ్వలు' అనే డబ్బింగ్ చిత్రంలో జానకిగారి గొంతుతో పోటీపడిన నాదస్వరం మీకు గుర్తుండే వుంటుంది. ఆ పాట రాని ఇల్లాలు లేదు. అది వాయించిన కారుకురిచ్చి అరుణాచలంగారు రాజరత్నం పిళ్లైగారి శిష్యుడే. చూశారా, పాట మనకు నోటికి వచ్చు, వాయించినవారి పేరు రాదు.

1982లో చినమౌలానాగారు శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించారు. పేరు గమనించారా, శారద! మనవళ్లు కాసిం, బాబు ఆయన దగ్గరే నేర్చి జంటగా కచేరీలు చేసే విద్వాంసులయ్యారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. కర్ణాటక సంగీతంలో దానికి మించిన గౌరవం లేదంటారు. నాదస్వర విద్వాంసులకు అది దక్కడం బహు అరుదు. అంతటి రాజరత్నం పిళ్లైగారికే రాలేదు. ఆ తరువాత కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న, చినమౌలానాగారు కన్నుమూశారు.

మన ఆడవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటి మిగిలింది. నాదస్వరం మగవాళ్ల వాయిద్యమనీ, అంత ఊపిరి ఆడవాళ్లు పట్టలేరనీ అనేవారు. తమిళనాట మదురై పొన్నుత్తాయిగారు ఆ మాటను ఎప్పుడో కొట్టిపారేశారు. మన తెలుగింటి నుంచి కాలీషాబీగారు వచ్చారు. తండ్రి దగ్గర మొదలుపెట్టి, భర్త షేక్ మహబూబ్ సుభానీగారితో కలిసి చినమౌలానాగారి శిష్యరికం చేశారు. మన కర్నూలు శారదా సంగీత కళాశాలతో కూడా వీరి చదువుకు సంబంధం వుంది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని బారి నాదస్వరాలు పట్టుకొని ఒకే సంగతిని ఒకే ఊపిరిగా వాయిస్తారు. మేమిద్దరం కలిసి కూరగాయల సంచి మోయడానికే అడుగు కలవదు, వాళ్లకు ఊపిరి ఎట్లా కలుస్తుందో! వారు కూడా శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. ఇల్లు, పిల్లలు, సాధన అన్నీ చూసుకుంటూ ఆ తల్లి అంతదూరం వచ్చింది. పొద్దున సాధన చేసేటప్పుడు పొయ్యిమీద పాలు ఎవరు చూసేవారో అడగాలని నాకు ఆశ.

వచ్చే శ్రావణమాసంలో ఎమ్మిగనూరులో మా తమ్ముడి బిడ్డ పెళ్లి వుంది. ఈసారి కూడా పుస్తకం నాకే ఇచ్చారు. డోలు సన్నాయివాళ్లకు వేదిక పక్కనే కార్పెట్టు వేయించాలనీ, ముహూర్తానికి ముందు అరగంట సినిమా పాటల మైకు కట్టేసి వాళ్లను వాయించనివ్వాలనీ చెప్పాను. మా మరదలు, "అరగంటా? చుట్టాలు ఏమనుకుంటారు వదినా?" అంది. మా తమ్ముడు, "వీడియో అతనికి అడ్డమొస్తారేమో అక్కా" అన్నాడు. బేరమాడి ఇరవై నిమిషాలకు ఒప్పించాను. డబ్బు బ్యాండుతో సమానంగా ఇవ్వాలన్న దానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. సగానికి వచ్చారు.

ఆదోనిలో ఆ పెద్దమనిషికి ఫోను చేశాను. సంతోషించాడు. వాళ్ల అబ్బాయిని కూడా రమ్మనండి, శ్రుతి పట్టుకుంటాడేమో అన్నాను. ఆ రోజు వాడికి బళ్లారిలో బ్యాండుకు బయానా ముట్టిందట. "వాడు చిన్నప్పుడు వర్ణం దాకా వాయించినాడు తల్లీ, వేళ్లు ఇంకా మరిచిపోలేదు" అన్నాడు. ఏ రాగం వాయిస్తారని అడిగితే, ఇరవై నిమిషాలు నిజంగా ఇస్తారా అని రెండుసార్లు అడిగి, "అయితే మళ్లీ తోడే ఎత్తుకుంటా, ఆపొద్దు సగంలోనే వుండిపోయింది" అన్నాడు.

పుస్తకంలో రాసిపెట్టాను. డోలు సన్నాయి, మనుషులు ఇద్దరు, శ్రుతిపెట్టె వాళ్లదే, భోజనం మొదటి బంతిలో.